కిప్పూర్ వస్తోంది: పెద్దవాళ్ల ఇంట్లో పనిచేసే మనవాళ్లకు మొదటినుంచి చివరిదాకా

"రేపు కిప్పూరట, నేనేం చేయాలి?" ఇజ్రాయెల్‌లో పెద్దవాళ్లను చూసుకునే పనికి కొత్తగా వచ్చిన మనవాళ్లు ప్రతి ఏడాదీ ఫోన్ చేసి అడిగే మాట ఇది. నిజామాబాద్ చెల్లెలు అడుగుతుంది, జగిత్యాల తమ్ముడు అడుగుతాడు, రాజోలు అక్క అడుగుతుంది. రేపు పండగ పెట్టుకుని ఈరోజు అడిగితే నేను చెప్పగలిగేది తక్కువ. యూదుల ఈ ఉపవాస పండగకు కావలసిన పనిలో ముప్పావు వంతు పది పదిహేను రోజుల ముందే అయిపోవాలి. అందుకే ఈసారి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

నేను ఈ పనిలో పదేళ్లు దాటాను. మొదట హైఫాలో, రుమేనియా నుంచి వచ్చిన ఒక తాతగారి దగ్గర చేశాను. ఇప్పుడు పెతా తిక్వాలో, మొరాకోలో పుట్టిన ఒక పెద్దామె దగ్గర ఉన్నాను. ఇక్కడ అవ్వను సవ్తా అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. నేను రాసేది ఈ రెండు ఇళ్లలో చూసింది, వాళ్లూ వాళ్ల రబ్బీలూ, అంటే మతగురువులూ చెప్పింది. మీ ఇంటి పద్ధతి కొంచెం వేరుగా ఉండొచ్చు. అలాంటప్పుడు మీ ఇంటివాళ్ల మాటే వినండి.

ముందు ఆ రోజు ఏమిటో తెలుసుకోండి

యూదుల పంచాంగంలో తిష్రీ నెల పదో రోజు యోమ్ కిప్పూర్. అదే నెల మొదటి రెండు రోజులు రోష్ హషానా, అంటే వాళ్ల ఉగాది. ఆ ఉగాది నుంచి కిప్పూర్ దాకా ఉన్న పది రోజులనూ పశ్చాత్తాపపు రోజులంటారు. చర్చికి వెళ్లే మనవాళ్లు లేవీయకాండం 16, 23 అధ్యాయాల్లో ప్రాయశ్చిత్తార్థ దినం అని చదివింది ఈ రోజు గురించే. ప్రధాన యాజకుడు ఏడాదికి ఒక్కసారి అతిపరిశుద్ధ స్థలంలోకి వెళ్లడం, రెండు మేకల మీద చీట్లు వేసి ఒకదాన్ని అరణ్యానికి తోలేయడం, అదంతా ఈనాటి పనే. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని కూల్చాక బలులు ఆగిపోయాయి, వాటి స్థానంలోకి ప్రార్థన వచ్చింది. మన నేల మీద కూడా గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో, తమను బెనె ఎఫ్రాయిమ్ అని చెప్పుకునే తెలుగు కుటుంబాలు యూదు ఆచారాలు పాటిస్తున్నాయి.

తేదీ దగ్గర చాలామంది తికమక పడతారు. వాళ్ల నెలలు మనలాగే చంద్రుణ్ని బట్టి నడుస్తాయి. మనకు అధిక మాసం వచ్చినట్టే వాళ్లకూ 19 ఏళ్లలో ఏడుసార్లు ఒక నెల అదనంగా వస్తుంది. తిష్రీ పది అంటే చంద్రుడు పెరిగే పక్షంలో పదో రోజు, మన లెక్కలో శుద్ధ దశమి దగ్గర. అందుకే 2024 అక్టోబర్ 12న, 2025 అక్టోబర్ 2న ఊళ్లో దసరా, ఇక్కడ కిప్పూర్ ఒకే రోజు పడ్డాయి. ఇంటి దగ్గర జమ్మి ఆకు చేతిలో పెట్టి పెద్దల కాళ్లు మొక్కే రోజున ఇక్కడ ఊరు ఊరంతా పస్తుంటుంది. ప్రతి ఏడాదీ ఇలా కలవదు. 2026లో కిప్పూర్ సెప్టెంబర్ 20 ఆదివారం సాయంత్రం మొదలై 21 సోమవారం చీకటి పడ్డాక ముగుస్తుంది. 2027లో అక్టోబర్ 10 సాయంత్రం నుంచి 11 రాత్రి దాకా. రోజు ఎప్పుడూ సాయంత్రంతోనే మొదలవుతుందన్నది బాగా గుర్తుపెట్టుకోండి. కేలండర్‌లో సోమవారం అని ఉందని ఆదివారం సాయంత్రం బజారుకు వెళితే తాళాలే కనిపిస్తాయి.

ఉపవాసం సుమారు 25 గంటలు. అన్నం లేదు, నీళ్లు కూడా లేవు, గుక్కెడైనా. మన ఏకాదశి ఉపవాసంలా పాలూ పళ్లూ తీసుకునేది కాదు. దానితోపాటు ఇంకో నాలుగు మానేస్తారు: హాయి కోసం స్నానం, ఒంటికి నూనెలు క్రీములు రాసుకోవడం, తోలు చెప్పులు, భార్యాభర్తల కలయిక.

రెండు వారాల ముందు: డాక్టరు, రబ్బీ, మాత్రల కాగితం

మన చేతిలో ఉన్న అసలు పని ఇక్కడే ఉంది కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను.

ఎనభై దాటిన మనిషి, యాభై అరవై ఏళ్లుగా ఒక్క ఏడూ తప్పకుండా ఉపవాసం ఉన్న మనిషి, "ఈసారి వద్దు" అంటే ఒప్పుకోవడం కష్టం. కొందరు ఏడుస్తారు. కొందరు మనకు తెలియకుండా పొద్దుటి మాత్ర నాలుక కింద దాచి తర్వాత ఉమ్మేస్తారు. వాళ్లతో వాదించే పని మనది కాదు. వాళ్లు నమ్మే మనుషుల చేత చెప్పించడం మనం చేయగలిగిన పని. అలా నమ్మేవాళ్లు ఇద్దరు ఉంటారు, డాక్టరు ఒకరు, రబ్బీ ఒకరు.

వీళ్ల ధర్మశాస్త్రం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. ప్రాణానికి ముప్పు ఉందనుకుంటే తినడం తప్పు కాకపోగా తినడమే విధి. రెండు వేల ఏళ్ల నాటి మాటలున్న మిష్నా అనే వాళ్ల ధర్మశాస్త్ర గ్రంథంలో, యోమా అనే భాగం ఎనిమిదో అధ్యాయంలో, జబ్బు మనిషికి తెలిసినవాళ్ల మాట మీద తినిపించాలని, తెలిసినవాళ్లు లేకపోతే ఆ మనిషి చాలు అనేదాకా అతని మాట మీదే తినిపించాలని ఉంది. 1848లో విల్నా ఊళ్లో కలరా వచ్చినప్పుడు రబ్బీ ఇస్రాయెల్ సలాంతెర్ జనాన్ని ఉపవాసం మానమని చెప్పిన సంగతి ఇక్కడ చాలామంది పెద్దవాళ్లకు తెలుసు. మీ ఇంట్లో పెద్దాయన మొండికేస్తే ఆ సంగతి ఆయన కొడుకు చేత గుర్తుచేయించండి. మనం చెబితే పనిమనిషి మాట అవుతుంది, కొడుకు చెబితే వంశంలో వచ్చిన మాట అవుతుంది.

చేయవలసింది ఇది. రెండు వారాల ముందే ఇంటివాళ్లకు చెప్పి డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోండి. షుగరు, బీపీ, గుండె, కిడ్నీ, నీరు తీసే మాత్రలు, ఇన్సులిన్, వీటిలో ఏది ఉన్నా తప్పకుండా అడగాలి. ఉపవాసం ఉండొచ్చా? ఉంటే ఏ మాత్ర ఎన్ని గంటలకు? ఏది ఆపాలి, ఏది ఆపకూడదు? జవాబులు కాగితం మీద రాయించుకోండి. ఫోన్‌లో విన్నది నమ్ముకుని మాత్రలు మార్చకండి. కాగితం కాపీ ఒకటి ఫ్రిజ్ మీద అంటించండి, ఒకటి మీ జేబులో ఉంచుకోండి. ఆ రోజు డాక్టరు ఫోన్ ఎత్తడు.

కొందరికి రబ్బీలు మధ్యేమార్గం చెబుతారు. దాన్ని షియురిమ్ అంటారు. ఒక్కసారి 30 మిల్లీలీటర్ల కంటే తక్కువ చోటు పట్టేంత తిండి, ఒక బుగ్గ నిండేదానికన్నా తక్కువ నీళ్లు, ఒక్కో విడతకూ మధ్య తొమ్మిది నిమిషాలు ఎడం. నీళ్ల కొలత మామూలుగా 40 మిల్లీలీటర్ల లోపు ఉంటుంది. ఇలా తాగితే వాళ్ల లెక్కలో ఉపవాసం పూర్తిగా విడిచినట్టు కాదు. వినడానికి ఇది తేలిక, చేయడానికి ఓపిక కావాలి. నేను చేసేది చెబుతాను. దగ్గు మందు సీసాతో వచ్చే చిన్న ప్లాస్టిక్ కప్పులు దాచిపెడతాను. 35 గీత దగ్గర తెల్ల ప్లాస్టర్ ముక్క అంటిస్తాను, ఎందుకంటే సాయంత్రం వెలుగులో గీతలు కనపడవు. ముందు రోజే నాలుగు కప్పులు, నీళ్ల సీసా, ఖర్జూరం చిన్న ముక్కలు ఒక పళ్లెంలో సర్ది గుడ్డ కప్పుతాను. గంటకు ఆరుసార్లు 35 చొప్పున ఇస్తే 210 మిల్లీలీటర్లు వెళ్తాయి. అది చిన్న విషయం కాదు, ఆ నీళ్లతోనే మా సవ్తా పోయిన మూడేళ్లూ కళ్లు తిరగకుండా చివరి ప్రార్థన దాకా కూర్చోగలిగింది. కానీ ఈ కొలతలు నా మాట మీద మొదలుపెట్టకండి. మీ ఇంటి డాక్టరు, రబ్బీ ఇద్దరూ ఒప్పుకున్నాకే మొదలుపెట్టాలి. డాక్టరు మామూలుగా తినాలి అంటే మామూలుగానే పెట్టాలి.

ఇంకొకటి, కాఫీ. రోజుకు నాలుగు కప్పులు తాగే మనిషికి ఒక్కసారిగా ఆపితే మధ్యాహ్నానికి తల పగిలిపోతుంది. వారం ముందు నుంచే కప్పులు ఒక్కొక్కటిగా తగ్గించండి.

ఆ పది రోజుల్లో: స్లిఖా

స్లిఖా అంటే క్షమించమని అడగడం. నాకు ఈ పండగలో అన్నిటికన్నా విలువైనది ఇది. కొత్తవాళ్లలో చాలామందికి తెలియనిది కూడా ఇదే.

ఆ మిష్నా అధ్యాయంలోనే ఇంకో మాట ఉంది. మనిషికీ దేవుడికీ మధ్య జరిగిన తప్పులకు కిప్పూర్ రోజు ప్రాయశ్చిత్తం దొరుకుతుంది. మనిషికీ మనిషికీ మధ్య జరిగిన తప్పుకు దొరకదు, తప్పు చేసినవాడు వెళ్లి ఆ మనిషిని సమాధానపరిచేదాకా. ఎంత పస్తున్నా, ఎన్ని గంటలు నిలబడి ప్రార్థించినా, పక్కింటివాణ్ని తిట్టిన తిట్టు అలాగే ఉంటుంది. తప్పు చేస్తా, తర్వాత పశ్చాత్తాపపడతా అని లెక్క వేసుకునేవాడికి పశ్చాత్తాపమే చేతికందదని కూడా అక్కడే ఉంది.

12వ శతాబ్దపు పండితుడు మైమోనిడీస్ దీన్ని ఇంకా విప్పి చెప్పాడు. డబ్బు ఇవ్వాల్సి ఉంటే ముందు ఇవ్వాలి. ఆ తర్వాత కూడా నోటితో అడగాలి. ఎదుటివాడు ఒప్పుకోకపోతే ముగ్గురు స్నేహితులను వెంటబెట్టుకుని మళ్లీ వెళ్లాలి. అలా మూడుసార్లు అడిగినా క్షమించకపోతే తప్పు ఇక క్షమించనివాడిదే. అవతలి మనిషి చనిపోతే పదిమందిని తీసుకుని సమాధి దగ్గరకు వెళ్లి, వాళ్లందరి ముందు ఒప్పుకోవాలి. మారిన మనసుకు ఆయన పెట్టిన పరీక్ష మరీ గట్టిది: అదే తప్పు చేసే వీలు, అదే చోట, అంతే బలంగా మళ్లీ వచ్చినప్పుడు చేయకుండా ఉండగలగాలి.

అందుకే ఈ పది రోజులూ ఇంట్లో ఫోన్లు ఆగవు. మా సవ్తా ఒక పాత డైరీ ముందేసుకుని, నన్ను నంబర్లు నొక్కమని, ఒక్కొక్కరికీ చేస్తుంది. చెల్లెలికి, ఆడబిడ్డకు, పాత ఇరుగుపొరుగుకు. అవతలివైపు వాళ్లకు చెవుడు, ఈమెకూ చెవుడు, ఇద్దరూ అరుచుకుంటూ క్షమాపణ అడుగుతారు. మీ వంతు పని ఏమిటంటే నంబర్లు దొరికేలా చూడటం, గ్లాసుడు నీళ్లు పక్కన పెట్టడం, ఏడిస్తే కాసేపు కూర్చోవడం. చనిపోయినవాళ్ల పేరు డైరీలో కనిపించినప్పుడు పేజీ తొందరగా తిప్పకండి.

తర్వాత ఒక రోజు వాళ్లు మిమ్మల్నే అడగవచ్చు. దానికి సిద్ధంగా ఉండండి.

నా మొదటి కిప్పూర్ అప్పుడు హైఫాలో తాతగారు, ముందు రోజు మధ్యాహ్నం, నేను ఆయన కాళ్లకు మేజోళ్లు తొడుగుతుంటే నా చేయి పట్టుకుని ఆపారు. "బీతీ, ఈ ఏడాది నేను నీ మీద అరిచాను. ఫిబ్రవరిలో జ్వరం వచ్చినప్పుడు చెంచా విసిరాను. స్లిఖా" అన్నారు. బీతీ అంటే అమ్మా, కూతురా అని. నాకు జవాబు తెలియలేదు. "పర్లేదు తాతా, ఏం లేదులే" అని నవ్వి మేజోడు లాగాను. ఆయన ముఖం చిన్నబోయింది. ఆయన కూతురు సాయంత్రం నాకు విడమరిచి చెప్పింది. "ఏం లేదులే అంటే నాన్నకు జవాబు దొరకనట్టే. ఆయన రాత్రంతా దాని గురించే ఆలోచిస్తాడు." నేను మళ్లీ గదిలోకి వెళ్లి ఆమె నేర్పిన మాట చెప్పాను: సలాఖ్తీ. క్షమించాను అని. ఆయన కళ్లు మూసుకుని తల ఊపారు.

కాబట్టి ఆ మాట నేర్చుకోండి. ఆడవాళ్లు చెప్పినా మగవాళ్లు చెప్పినా సలాఖ్తీ అనే అంటారు. మనలో పెద్దవాళ్లు చిన్నవాళ్లను క్షమాపణ అడగడం అరుదు, యజమాని పనిమనిషిని అడగడం ఇంకా అరుదు, అందుకే మనకు ఇబ్బందిగా ఉంటుంది, నవ్వేసి తప్పించుకుంటాం. తప్పించుకోకండి. మనసులో నిజంగా బాధ ఉంటే అదీ మెల్లగా చెప్పండి. ఆ రోజుల్లో వాళ్లు వింటారు. మీరు కూడా అడగండి. అది మన పండగ కాకపోయినా నేను ఏటా అడుగుతున్నాను.

అడిగేముందు పనితో తీర్చవలసింది ఉంటే తీర్చండి. మొదటి ఏడాదే నేను చేసిన తప్పు చెబుతాను. కిప్పూర్ పగలు, అందరూ నిద్రపోతున్నారని, నాకు ఆకలేసి పప్పుకు తాలింపు పెట్టాను. ఎండుమిరపకాయ, వెల్లుల్లి, ఇంగువ. కిటికీ తెరిచి ఉంది. ఆ వాసన మెట్ల మీదుగా నాలుగు అంతస్తులకూ పాకింది. పస్తుతో పడుకున్న పై అంతస్తు ముసలాయన దగ్గుతూ తలుపు తీసిన చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. నన్నెవరూ ఒక్క మాట అనలేదు. మరుసటి ఏడాది ఆ పది రోజుల్లో నేనే పైకి వెళ్లి ఆయనను అడిగాను. ఆయన చెప్పిన మాట కూడా సలాఖ్తీయే.

ముందు రోజు

ముందు రోజు తినడం కూడా వాళ్లకు పుణ్యమే. పొద్దున్నుంచే నీళ్లు కొంచెం కొంచెంగా ఎక్కువ తాగించండి, చివరి గంటలో సీసాడు ఒక్కసారి తాగిస్తే లాభం లేదు. గుండె జబ్బుకు నీళ్ల పరిమితి ఉన్నవాళ్లకు మాత్రం డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు.

కొన్ని ఇళ్లలో కపరోత్ చేస్తారు. కోడిని తల చుట్టూ మూడుసార్లు తిప్పి, తర్వాత కోసి పేదలకు ఇస్తారు. చూస్తే మనం దిష్టి తీసినట్టే ఉంటుంది. ఇప్పుడు చాలామంది కోడికి బదులు డబ్బు తిప్పి దానం చేస్తారు. మా ఇంట్లోనూ డబ్బే.

బజారు పని మధ్యాహ్నంలోపు ముగించండి. బస్సులు, రైళ్లు మధ్యాహ్నం నుంచి ఆగిపోతాయి. బెన్ గురియన్ విమానాశ్రయం మూతపడుతుంది, కాబట్టి ఊరికి టికెట్ ఆ రోజుకు పెట్టుకోకండి. మందుల దుకాణాలూ మూస్తారు. డైపర్లు, ఇన్సులిన్, షుగర్ చూసే పట్టీలు, ఆక్సిజన్ వాడుతుంటే సిలిండర్, అన్నీ లెక్కపెట్టుకోండి. అత్యవసర బటన్ మెడలో ఉంటే ఒకసారి నొక్కి పనిచేస్తుందో లేదో చూడండి.

మన తిండి కూడా ముందు రోజే వండుకోండి. పులిహోర, పెరుగన్నం, చపాతీ, వాసన రానివి. ఆ రోజు పొయ్యి వెలిగించకుండా మన గదిలో తలుపు వేసుకుని తినొచ్చు. మనం పస్తుండాలని వాళ్లెవరూ అడగరు. మీకు ఇష్టమైతే ఉండండి, కానీ మనిషిని ఎత్తి దించే పనిలో కళ్లు తిరిగితే ఇద్దరూ పడతారు.

చివరి భోజనం సూర్యుడు కుంకడానికి గంట ముందు. ఉప్పు, కారం, వేపుడు తగ్గించాలి. కోడి సూప్, అన్నం, బంగాళదుంప, రొట్టె, పండు చాలు. స్నానం ఈ భోజనానికి ముందే చేయించండి. తర్వాత తెల్ల బట్టలు. తోలు చెప్పుల బదులు గుడ్డ బూట్లో రబ్బరు చెప్పులో వేస్తారు. ఇక్కడ ఒక జాగ్రత్త. రోజూ వేసుకునే పట్టున్న బూట్లు తీసేసి పలచటి చెప్పులు వేసిన రాత్రే పెద్దవాళ్లు జారిపడతారు. అడుగున గరుకుగా ఉన్న జత వారం ముందే కొని ఇంట్లో తిప్పి చూడండి.

దీపాలు ఇంటావిడ చేతే వెలిగించాలి. మామూలు కొవ్వొత్తులతోపాటు నేర్ నెషామా అనే దీపం ఒకటి ఉంటుంది, డబ్బాలో మైనం, ఇరవై నాలుగు గంటలకు పైగా వెలుగుతుంది. చనిపోయినవాళ్ల కోసం పెడతారు. దాన్ని కర్టెన్‌కు దూరంగా, పింగాణీ పళ్లెంలో పెట్టండి. మరుసటి రాత్రి దీనితో పని ఉంది, ఆర్పకండి. ఇంటి లైట్లకు టైమర్ ఉంటే ముందే అమర్చుకోండి. వాళ్లు ఆ రోజు స్విచ్ ముట్టరు.

చీకటి పడ్డాక

బేత్ క్నెసెత్, అంటే వాళ్ల ప్రార్థన మందిరం. చక్రాల కుర్చీ తోసుకుంటూ సూర్యుడు ఉండగానే చేరుకోండి. ఏడాది మొత్తంలో రాత్రి ప్రార్థనకు మగవాళ్లు ప్రార్థన శాలువా కప్పుకునేది ఈ ఒక్క రాత్రే. గుడి తెల్లగా నిండిపోతుంది. కొల్ నిద్రే మూడుసార్లు పాడతారు. భాష అరామిక్. మాటల్లో చూస్తే అది ప్రార్థన కూడా కాదు, దేవుడికి తొందరపాటున చేసిన మొక్కుబడులు రద్దు చేయమనే న్యాయస్థానపు మాట. మొదటిసారి మెల్లగా, రెండోసారి ఇంకొంచెం గట్టిగా, మూడోసారి అందరూ గొంతెత్తుతారు. ఒక్క మాట అర్థం కాకపోయినా నాకు ప్రతిసారీ ఒళ్లు జలదరిస్తుంది.

దారిలో ఎదురైనవాళ్లకు "గ్మార్ ఖతిమా తోవా" అనండి. వాళ్ల నమ్మకం ప్రకారం ఉగాది రోజు ప్రతి మనిషి లెక్కా పుస్తకంలో రాస్తారు, కిప్పూర్ రోజు ముద్ర వేస్తారు. మనకు చిత్రగుప్తుడి చిట్టా పోయాక తెరుస్తారు, వీళ్లకు ఏటా తెరుస్తారు. మంచి ముద్ర పడాలని ఆ మాటకు అర్థం. ఉపవాసం తేలిగ్గా గడవాలంటే "ట్సోమ్ కల్".

తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు చూస్తే నమ్మలేరు. ఒక్క కారు ఉండదు. పిల్లలు సైకిళ్ల మీద పెద్ద పెద్ద రహదారుల నిండా తిరుగుతుంటారు, టెల్ అవీవ్‌లో అయితే అయలోన్ రహదారి మీద కూడా. కుర్చీ తోసేటప్పుడు పక్కకే ఉండండి. చీకట్లో వేగంగా వచ్చే సైకిల్ ఆగలేదు, అంబులెన్స్ మాత్రం ఈ రోజూ తిరుగుతుంది.

పగలంతా

పొద్దున మొదలైన ప్రార్థన మధ్యాహ్నం దాకా సాగుతుంది. మొత్తం ఐదు ప్రార్థనలు: రాత్రిది, పొద్దుటిది, దాని వెంట వచ్చే ముసాఫ్, మధ్యాహ్నం మిన్ఖా, చివరన నెయిలా. అన్ని సార్లూ వచ్చేది ఒకటుంది, విదూయి. తప్పుల పట్టికను అక్షరమాల వరుసలో చదువుతూ ఒక్కో మాటకూ పిడికిలితో గుండె మీద మెల్లగా కొట్టుకుంటారు. నేను చేశాను అనరు, మేము చేశాము అంటారు. దొంగతనం ఎన్నడూ చేయని ముసలామె కూడా మేము దొంగిలించాము అని కొట్టుకుంటుంది. ఎందుకని అడిగితే మా సవ్తా చెప్పింది, "ఊళ్లో ఎవరో చేసుంటారు. వాళ్లు ఒంటరిగా నిలబడకూడదు కదా."

మీరు కళ్లు పెట్టవలసింది మనిషి మీద. మాటలు తడబడటం, పిలిస్తే పలకకపోవడం, చెమటలు, వణుకు, నిలబడగానే కళ్లు తిరగడం, చాలాసేపు మూత్రం రాకపోవడం, వీటిలో ఏది కనిపించినా ఉపవాసం అక్కడితో ఆగాలి. షుగరు ఉన్నవాళ్లకు పరీక్ష ఆ రోజూ చేయాలి. 70 కంటే తక్కువ చూపిస్తే వెంటనే అర గ్లాసు పళ్లరసమో చక్కెర నీళ్లో ఇవ్వండి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూడండి. మనిషికి స్పృహ సరిగా లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, ఇక్కడి అంబులెన్స్ నంబరు 101కి ఫోన్ చేయండి. ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. ప్రాణం ముందు ఈ రోజు కూడా పక్కకు జరుగుతుందని వాళ్ల శాస్త్రమే అంటుంది. డైపర్ మార్చి శుభ్రం చేయడం కూడా మానకండి, మురికి కడగడం నిషేధంలోకి రాదు.

మధ్యాహ్నం కాసేపు పడుకోబెట్టండి. మా ఇంట్లో ఈ వేళకు ఒక పండు బయటికి వస్తుంది. ఖవూష్ అంటారు, పండిన జామకాయలా పసుపుపచ్చగా ఉంటుంది, గట్టిగా ఉంటుంది. ముందు రోజు నేనూ సవ్తా కూర్చుని దాని నిండా లవంగాలు గుచ్చుతాం, వరుసలుగా, బొటనవేలు నొప్పి పుట్టేదాకా. పగలు ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని వాసన చూస్తుంది, ఒక చిన్న ఆశీర్వాద వచనం చెబుతుంది. తినడం తాగడం మీదే నిషేధం, వాసన మీద లేదు. కళ్లు వాలిపోతున్నప్పుడు ఆ లవంగం ఘాటు ఆమెను లేపి కూర్చోబెడుతుంది.

రెండు గంటల వేళ కొందరు పెద్దవాళ్లు మౌనంగా అయిపోతారు. 1973 అక్టోబర్ 6, కిప్పూర్ రోజు మధ్యాహ్నం రెండు గంటలకు ఈజిప్టు, సిరియా దాడి మొదలైంది. సైరన్లు మోగాయి, మగవాళ్లను ప్రార్థనల మధ్యలోంచి యుద్ధానికి పిలిచారు. మా సవ్తా భర్త శాలువా మడత కూడా పెట్టకుండా కుర్చీ మీద వేసి వెళ్లాడట. ఆ కథ చెబితే వినండి, చెప్పకపోతే అడగకండి.

తలుపులు మూసే వేళ

మిన్ఖాలో యోనా గ్రంథం మొత్తం చదువుతారు, చేప మింగిన ప్రవక్త కథ. నీనెవె పట్టణం మొత్తం పశ్చాత్తాపపడితే దేవుడు విడిచిపెట్టాడనేది అందులో అసలు సంగతి. తర్వాత నెయిలా. ఆ మాటకు మూయడం అని అర్థం, ఆకాశపు ద్వారాలు మూసుకునే వేళ. మొరాకో వాళ్ల మందిరంలో ఎల్ నోరా అలిలా పాట ఎత్తుకున్నారంటే నెయిలా మొదలైనట్టే. నీరసంతో వంగిపోయినవాళ్లంతా ఆ పాటకు లేచి నిలబడతారు. ఇంట్లో పడుకుని ఉన్న మనిషిని తీసుకెళ్లగలిగితే ఈ ఒక్క గంటకైనా తీసుకెళ్లండి.

చివరన షెమా, అంటే దేవుడు ఒక్కడే అనే వచనం, ఒకసారి చెబుతారు. యెహోవాయే దేవుడు అని ఏడుసార్లు అంటారు, కర్మెలు కొండ మీద ఏలీయా ముందు జనం అన్న మాట అది. ఆ తర్వాత షోఫార్, పొట్టేలు కొమ్ము. ఊపిరి ఉన్నంతసేపు ఊదిన ఒక పొడవాటి నాదం. వినికిడి యంత్రం పెట్టుకునేవాళ్లకు బ్యాటరీ ముందే మార్చండి. ఈ ఒక్క శబ్దం కోసం వాళ్లు 25 గంటలు ఎదురుచూశారు.

షోఫార్ తర్వాత

ఇంటికి రాగానే ప్లేటు ముందు పెట్టేయకండి. ముందు హవ్దాలా, ద్రాక్షరసం మీద చెప్పే వీడ్కోలు ప్రార్థన. దానికి దీపం కొత్తగా అగ్గిపుల్ల గీసి వెలిగించరు, నిన్నటి నుంచి వెలుగుతూనే ఉన్న మంటలోంచి వెలిగిస్తారు. అందుకే ఆ నేర్ నెషామా ఆర్పవద్దన్నాను.

తర్వాత నీళ్లు, ఒక్కో గుక్కగా. పది నిమిషాలాగి తీపి టీ, కేకు ముక్క. అరగంట తర్వాత సూప్. మా ఇంట్లో హరీరా చేస్తారు, శనగలు, మసూర్ పప్పు, టమాటా, కొత్తిమీరతో చిక్కగా, మన పప్పుచారుకు దగ్గరి చుట్టంలా ఉంటుంది. యూరప్ నుంచి వచ్చినవాళ్ల ఇళ్లలో ఉప్పు చేప పెడతారు. అది బీపీ ఉన్నవాళ్లకు ఒక్క ముక్కతో ఆపండి. పగలు ఆపిన మాత్రలను రాత్రి రెండింతలు వేసి సరిచేయకండి. కాగితంలో ఏముందో అదే. మలబద్ధకం, కాళ్లు పట్టేయడం రెండు రోజులు ఉండొచ్చు, నీళ్లు పెంచండి.

ఐదు రోజుల్లో సుక్కోత్, పందిళ్ల పండగ. ఉపవాసం విడిచిన రాత్రే పందిరి పని మొదలుపెట్టడం ఆచారం. మీరు సూప్ గిన్నెలు కడుగుతుండగానే పక్క బాల్కనీలో సుత్తి చప్పుడు వినిపిస్తుంది. మా సవ్తా కూడా ఆ చప్పుడు వినగానే "బీతీ, మన కర్రలు స్టోరు గదిలో ఎక్కడ పెట్టాం?" అని అడుగుతుంది. పొద్దున చూద్దాంలే అంటాను. ఒక్క కర్రైనా ఇప్పుడే తెచ్చి గోడకు ఆనించమంటుంది. తెచ్చి ఆనిస్తాను.